పురుగు చేసిన మందు, పురుగే మందు

ఫిలింనగర్‌లో వానాకాలపు రాత్రి షూటింగ్ చూసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. లైట్లు వేసిన పది నిమిషాలకే పురుగులు ముసురుకుంటాయి. ఉసిళ్లు కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని పోతాయి. వాటి మధ్య సన్నగా, బియ్యపుగింజ కంటే కాస్త పొడవుగా, నలుపూ నారింజా పట్టీలతో ఒక పురుగు ఉంటుంది. చీమ అనుకుంటాం. మెడ మీద వాలితే అలవాటు కొద్దీ అరచేత్తో నలిపేస్తాం. ఆ పూటకు ఏమీ తెలియదు. మర్నాడో ఆ మర్నాడో నలిపిన మేరకు చర్మం కందిపోయి, నీటిపొక్కులు లేచి, వాత పెట్టినట్టు చార తేలుతుంది. శాస్త్రజ్ఞులు ఆ పురుగును పీడెరస్ అంటారు. దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చేసే పని అది. అది కుట్టదు, కరవదు, మనం నలిపితేనే విషం బయటికొస్తుంది. ముఖమే జీవనాధారమైన మనుషులు తిరిగే పేటలో అలాంటి చార చెంప మీద పడితే ఎంత నష్టమో చెప్పక్కర్లేదు.

ఇదే పురుగు చైనాలో మందుల పుస్తకానికి ఎక్కింది. క్రీ.శ. 739లో ఛెన్ త్సాంగ్‌ఛీ అనే వైద్యుడు తన ఔషధ గ్రంథంలో దీని రూపురేఖలు రాసి, ఒంటికి తగిలితే చర్మం ఊడివస్తుందని హెచ్చరించాడు. ఆ గుణంతోనే పచ్చబొట్టు చెరపవచ్చనీ, తామరకు వాడవచ్చనీ అన్నాడు. ఆ వర్ణన పీడెరస్‌కు సరిపోతోందని తర్వాతి కాలపు కీటక శాస్త్రజ్ఞులు తేల్చారు. మనం నలిపి బాధపడే పురుగును వాళ్లు పట్టుకుని, దాని విషానికి ఒక పని అప్పగించారు. చైనా వైద్యాన్నీ మన వైద్యాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది.

చదివేకొద్దీ నాకు ఒక తేడా స్పష్టంగా కనిపించింది. చర్మానికీ పుండుకూ మనవాళ్లు ఎక్కువగా పురుగు కష్టార్జితాన్ని తీసుకున్నారు: తేనె, మైనం, లక్క, మాచికాయ. చైనావాళ్లు కూడా అలాగే వీటన్నిటినీ తీసుకున్నారు. కాకపోతే మనం అక్కడితో ఆగితే, వాళ్లు పురుగు ఒంటినీ, అది విడిచిన పొట్టునూ, చివరికి దానికొచ్చిన జబ్బునూ తీసుకున్నారు. మన వైపు దీనికి మినహాయింపులు లేకపోలేదు. పేగుకు రంధ్రం పడితే నల్లచీమలతో ఆ అంచులను కరిపించి, ఒళ్లు తుంచేసి, తలలను కుట్లుగా ఉంచమని సుశ్రుతుడు చెప్పాడు. తొలకరికి ఎర్రమఖమల్ గుడ్డ ముక్కలా నేలమీద పాకే ఆరుద్ర పురుగును నూనెలో వేసి వాడే నాటువైద్యం ఉంది. అయితే అది ఎనిమిది కాళ్లది, పురుగు కంటే సాలీడుకే దగ్గరి చుట్టం. పైగా దాన్ని వాడింది చర్మానికి కాదు, పక్షవాతం లాంటి వాటికి.

ముందు మాచికాయ సంగతి. బేగంబజారులో మూలికల కొట్టుకు వెళ్లి అడిగితే కాగితం పొట్లంలో కట్టి ఇస్తారు. గోళీకాయంత ఉంటుంది. బూడిద రంగు, మీద చిన్నచిన్న బుడిపెలు, చేతిలోకి తీసుకుంటే రాయిలా గట్టిగా తగులుతుంది. కొన్నిటికి ఒక పక్కన దబ్బనంతో పొడిచినట్టు గుండ్రటి చిల్లు ఉంటుంది. చిల్లు లేనివి మేలు రకం. పసిపిల్లల తల్లులు దాన్ని సానరాయి మీద అరగదీసేవారు. నోటిపూతకూ, చిగుళ్లకూ, చీము పట్టి కారే పుండుకూ దాని గంధం రాసేవారు. పేరులో కాయ ఉంది గానీ అది కాయ కాదు. ఇరాన్, టర్కీ ప్రాంతాల్లో పెరిగే ఒక ఓక్ చెట్టు కొమ్మ మీద కందిరీగ జాతికి చెందిన చిన్న పురుగు గుడ్డు పెడితే, ఆ పిల్లకు ఇల్లుగా చెట్టే కట్టి ఇచ్చిన బుడిపె అది. ఆ చిల్లు, లోపలి పురుగు పెరిగి పెద్దదై బయటికి వెళ్లిన దారి. అది వెళ్లకముందే కోసినదానిలో వగరు ఎక్కువ. ఆ వగరే మందు.

చైనాలో మాచికాయకు తోబుట్టువు ఉంది. పేరు వూ బెయ్ జి. అక్కడ చెట్టు వేరు, అది సుమాక్ జాతి. పురుగు కూడా వేరు. మన పత్తి రైతులు పేనుబంక అంటారే, ఆ జాతిది. మాచికాయ లోపల ఒక్క పురుగు ఉంటుంది. వూ బెయ్ జిలో మాత్రం పలచటి డొల్ల లోపల పేనుబంక కుటుంబమంతా కిక్కిరిసి ఉంటుంది. కోశాక వేడినీళ్లలో ముంచి పురుగును చంపి ఎండబెడతారు. వాడకం మాత్రం అచ్చం మన వాడకమే: చెమ్మ ఊరే పుండ్లకు పొడి చల్లడం, నోటిపూతకు పూయడం. రెండింట్లోనూ సగానికి అటూ ఇటూగా టానిన్ ఉంటుంది. అది పుండు మీది మాంసకృత్తులను బిగదీసి పలచటి పొరలా కడుతుంది, రసి ఆగుతుంది. వేల మైళ్ల దూరంలో, వేరువేరు చెట్ల మీద, వేరువేరు పురుగుల వల్ల పుట్టిన రెండు బుడిపెలను రెండు జాతుల తల్లులు ఒకే పనికి వాడారు. మాట సాయం లేకుండా నాలుక ఒక్కటే చెప్పిన పాఠం ఇది. వగరుగా ఉన్నది బిగిస్తుందని రెండు వైద్యాలూ రుచిని బట్టే గుర్తుపట్టాయి.

తేనె గురించి ఎక్కువ చెప్పను, అది రెండు ఇళ్లలోనూ పెద్దకొడుకు. సుశ్రుతుడు ఎనిమిది రకాల తేనెలు చెప్పాడు, కోసిన పుండుకు తేనే నెయ్యీ కలిపి పెట్టమన్నాడు. షెన్‌నోంగ్ పేరు మీద ఉన్న చైనా తొలి ఔషధ గ్రంథం 365 మందులను మూడు తరగతులు చేసి, తేనెను మొదటి తరగతిలో కూర్చోబెట్టింది. మనం తేనెను అనుపానం చేసుకుంటే, వాళ్లు పొడిని తేనెతో కలిపి గుళిక కట్టారు. మైనం కూడా అంతే. మన జాత్యాది తైలంలో మైనం పడుతుంది, వాళ్ల పుండ్ల లేపనాల్లోనూ పడుతుంది. నల్లమల చెంచులు తాడు కట్టుకుని కొండచరియకు వేలాడి తీసే తేనె, గిరిజన సహకార సంస్థ సీసాలోకి చేరి జూబ్లీహిల్స్ వంటింటి అరలోకి వస్తుంది. ఆ పట్టు తేనెతో పాటు మైనం కూడా ఇస్తుందన్న సంగతి మాత్రం మనకు ఇప్పుడు గుర్తు లేదు.

లక్క దగ్గరికి వచ్చేసరికి రెండు కథలూ కలుస్తాయి. తెలుగు పాఠకుడికి లక్క అనగానే పాండవుల లక్క ఇల్లు గుర్తొస్తుంది, హైదరాబాదీకి లాడ్‌బజార్ గాజులు గుర్తొస్తాయి. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సినిమావాళ్లకైతే ఇంకో రుణం ఉంది. మన తొలి టాకీల కాలంలో పాటలు ఎక్కిన 78 స్పీడు గ్రామఫోను రికార్డులు లక్కతో చేసినవే. కథానాయిక పాదాలకు పూసిన లత్తుక కూడా ఒకప్పుడు లక్క రంగే. మోదుగ, రేగు చెట్ల కొమ్మలకు అతుక్కుని రసం పీల్చే పురుగు తన ఒంటి చుట్టూ కట్టుకునే గూడు అది. అందానికీ పాటకూ పనికిరాకముందు అది పుండుకు పనికొచ్చింది. అథర్వవేదం అయిదో కాండలో గాయాలు మాన్పే లక్కను ఉద్దేశించిన సూక్తమే ఒకటి ఉంది.

ఆ లక్క చైనాకు దక్షిణ దేశాల నుంచి వెళ్లింది. 16వ శతాబ్దంలో లీ షిజెన్ అనే వైద్యుడు తన మహాగ్రంథం ‘బెన్‌త్సావ్ గాంగ్‌మూ’లో దాన్ని చెట్ల మందుల్లో కాక పురుగుల మందుల్లో పెట్టాడు. తమ దేశంలో చిన్న పురుగులు కొమ్మల మీద తెల్లమైనం చేసినట్టే, దక్షిణాదిన చీమంత పురుగులు దీన్ని చేస్తాయని వివరించాడు. చూడటానికి జిగురులా, బంకలా ఉండే వస్తువు వెనక పురుగు ఉందని గుర్తించి దాని స్థానం మార్చడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మనకు లక్క మూడు వేల ఏళ్ల చుట్టం, ఆయనకు ఓడల మీదో బళ్ల మీదో వచ్చిన సరుకు. అయినా ఆయన దాని పుట్టుక అడిగాడు.

ఇంతవరకు చుట్టరికమే ఎక్కువ కనిపించింది. పట్టుపురుగు దగ్గర దారులు చీలుతాయి, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అక్కడే.

హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతు ఇంట్లోకి వానాకాలంలోనో చలికాలంలోనో వెళ్లండి. మల్బరీ ఆకు మీద పురుగులు మేస్తుంటే చిరుజల్లు పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. రైతు చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది. అది తగ్గిందంటే గుండె జారుతుంది. తట్టలో ఒక పురుగు మేత మానేసి కదలకుండా పడి ఉంటుంది. చనిపోయిన కొన్ని గంటలకు ఒళ్లు కొయ్యబారుతుంది. ఒకట్రెండు రోజుల్లో ఒళ్లంతా తెల్లటి పొడి పట్టి, సుద్దముక్కలా అయిపోతుంది. సున్నపుకట్టు రోగం. రైతు ఆ పురుగులను ఏరి కాల్చేస్తాడు, లేదా పూడ్చేస్తాడు, తట్టల మీద సున్నం చల్లుతాడు. ఒక్క పురుగు మీది తెల్లపొడి గాలికి లేస్తే పంటంతా పోతుంది. దానికి కారణం బవేరియా బాసియానా అనే బూజు. ఇటలీలో అగస్టీనో బాసీ 1835లో ఈ రోగం మీదే పనిచేసి, కంటికి కనిపించనంత చిన్న జీవి వల్ల జంతువుకు జబ్బు రావచ్చని పాశ్చర్ కంటే ముందే రుజువు చేశాడు. ఆ బూజు పేరులో ఆయన పేరు ఉంది.

అదే సుద్దముక్క లాంటి పురుగును చైనా మందుల కొట్టులో తూకానికి అమ్ముతారు. పేరు జ్యాంగ్ త్సాన్, అంటే బిగుసుకుపోయిన పట్టుపురుగు. షెన్‌నోంగ్ గ్రంథంలోనే అది ఉంది. ముఖం మీది నల్లమచ్చలను పోగొట్టి వర్చస్సు తెస్తుందని అక్కడ దాని గుణాల్లో చెప్పారు. తర్వాతి వైద్యులు దద్దుర్లకూ దురదకూ, గొంతువాపుకూ, గడ్డలకూ వాడారు. తమంత తాము జబ్బుపడిన పురుగుల కోసం వెతకక్కర్లేకుండా ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న పట్టుపురుగులకు కావాలని ఆ బూజు అంటించి మరీ తయారుచేస్తున్నారు. హిందూపురం రైతు ఏ తట్టను చూసి తల పట్టుకుంటాడో, అక్కడి రైతు ఆ తట్టనే సంతకు పంపుతాడు.

ఈ బూజు తెలుగు నేలకు కొత్తది కాదని గుర్తుంచుకోవాలి. బవేరియా పొడిని పురుగుమందుల దుకాణంలో జీవ కీటకనాశనిగా అమ్ముతారు, మిరపకూ పత్తికీ కొట్టిస్తారు. ఒకే బూజు మదనపల్లెలో తెగులు, గుంటూరు మిరపతోటలో మందు, చైనాలో మనిషికి మందు. మనవాళ్లు దాన్ని మనిషి ఒంటికి ఎందుకు తేలేదు? చైనాకు పట్టు మనకంటే చాలా పాతది, ఇంటింటి పని. వేల ఏళ్లు చచ్చిన పురుగులను చేత్తో ఏరినవాళ్లకు కుళ్లకుండా, వాసన కొట్టకుండా ఉన్న పురుగు ప్రత్యేకంగా కనిపించి ఉంటుంది. కుళ్లనిది కుళ్లును ఆపుతుందనుకోవడం అక్కడికి ఒక్క అడుగు దూరం. మన మల్బరీ పట్టు బయటి నుంచి వచ్చింది, మనకు సొంతమైన పట్టు అడవిలో మద్ది చెట్ల మీది దసలి పట్టు. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో ఇప్పటికీ దాన్ని పెంచుతారు. ఇది నా అభిప్రాయమే గానీ, ఇంట్లో తట్టలో చచ్చే పురుగు కంటపడినట్టు అడవిలో చచ్చే పురుగు పడదు. కుళ్లును ఆపే సంగతికే వస్తే, దసలి పట్టు పురుగు కుటుంబానికే చెందిన ఒక అమెరికా చిమ్మట నుంచి స్వీడన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ బొమన్ బృందం 1981లో సెక్రోపిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. బాక్టీరియా పొరలకు చిల్లులు పొడిచి చంపే చిన్న ప్రోటీన్ అది. పురుగుకు తన సొంత మందుల పెట్టె ఉంటుందని దాంతో రుజువైంది.

ఇక బొబ్బలు లేపే పెంకుపురుగు. కంది పూతకు వచ్చినప్పుడు నల్లటి రెక్కల మీద నారింజ పట్టీలతో పూలు నమిలే పురుగును మన రైతులంతా ఎరుగుదురు. చైనావాళ్ల బాన్ మావ్ దీనికి అన్నదమ్ముల పిల్ల. షెన్‌నోంగ్ దాన్ని మూడో తరగతిలో, విషం గలవాటితో చేర్చాడు. పుండు మీది చచ్చిన మాంసాన్ని తినేయడానికీ, మొండి తామరకూ పైపూతగా వాడారు. వాడేముందు తల, రెక్కలు, కాళ్లు తీసేసి బియ్యంతో కలిపి వేయిస్తారు. మన శుద్ధి లాంటిదే అది.

ఆ స్థానంలో మన ఆయుర్వేదం ఎవరిని పెట్టింది? నల్లజీడిని. చాకలి గుర్తులు పెట్టే ఆ గింజ రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. దాన్ని ఇటుకపొడితో రుద్ది శుద్ధిచేసి కుష్ఠం లాంటి చర్మరోగాలకు వాడమన్నారు. విషానికి విషమే మందు అన్న సూత్రం రెండు చోట్లా ఒకటే, చైనాలోనూ సరిగ్గా ఆ అర్థమిచ్చే నానుడి ఉంది. అయితే వాళ్లు విషాన్ని రెక్కలున్నదాంట్లో వెతికితే మనం చెట్టు మీద వెతికాం. దక్కన్‌లో మాత్రం మధ్యవర్తి ఒకరున్నారు. యునానీ హకీములు బొబ్బల పురుగును తేల్నీ మక్ఖీ పేరుతో తమ మందుల్లో ఉంచుకున్నారు, మాచికాయను మాజూ అన్నారు. హైదరాబాద్ మూలికల కొట్టులో ఆయుర్వేదపు సరుకూ యునానీ సరుకూ ఒకే అరలో దొరకడం అందుకే.

బొబ్బల పురుగులోని విషాన్ని 1810లో ఫ్రాన్సులో రోబికే వేరుచేశాడు. పేరు కాంథరిడిన్. కడుపులోకి వెళితే కొద్ది మోతాదే మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. అదే కాంథరిడిన్‌ను పిల్లల ఒంటి మీద ముత్యాల్లా లేచే వైరస్ బుడిపెలకు, మొలస్కమ్ అంటారు వాటిని, డాక్టరు చేతనే పూయించే మందుగా అమెరికా ఔషధ సంస్థ 2023 జూలైలో అనుమతించింది. రెండు వేల ఏళ్ల కిందటి చైనా వైద్యుడి ఊహకు ఇంత దగ్గరగా వచ్చిన అనుమతి నాకు ఇంకొకటి కనిపించలేదు. అలాగని జ్యాంగ్ త్సాన్‌కో, కీచురాయిలా కీచుమనే ఒక పురుగు చెట్టు మీద విడిచిన పొట్టుకో ఇదే బలం ఉందనుకోకూడదు. ఆ పొట్టు 1617 నాటి శస్త్రవైద్య గ్రంథంలోని ‘ష్యావ్ ఫెంగ్ సాన్’ అనే దురద కషాయంలో నేటికీ పడుతుంది. అందులో పదికి పైగా దినుసులున్నాయి, ఏది ఏం చేస్తుందో విడదీయడం కష్టం. సిచువాన్‌లో బొద్దింకలను ఫ్యాక్టరీల్లో కోట్లలో పెంచి, వాటి సారంతో కాలిన గాయాలకూ మంచం పుండ్లకూ కాంగ్‌ఫూషిన్ అనే ద్రవం అమ్ముతున్నారు. దానిమీద చైనాలో పరిశోధనలు బాగానే జరిగాయి, బయట తక్కువ. మన జాత్యాది తైలం పరిస్థితీ అలాగే ఉంది: ఇంట్లో నమ్మకం ఎక్కువ, పెద్ద పరీక్షలు తక్కువ.

పురుగుల పుట్టుక గురించి రెండు సంప్రదాయాలూ అనుకున్నది కూడా పోల్చదగినదే. మనం ప్రాణులను జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అన్నాం. పేను, నల్లి లాంటివి చెమటలో, చెమ్మలో పుడతాయన్నాం. లీ షిజెన్ పురుగులను మూడు రకాలు చేశాడు: గుడ్డు నుంచి పుట్టేవి, రూపం మారి పుట్టేవి, చెమ్మలో పుట్టేవి. బౌద్ధంతో పాటు చైనాకు చేరిన నాలుగు జన్మల మాట ఈ విభజన వెనక వినిపిస్తుంది. ఆచార్య నాగార్జునుడి పేరుతో అక్కడ నేత్రవైద్య గ్రంథమే చలామణీ అయింది. కృష్ణా తీరంలో విన్న పేరు అది. రెండు ఇళ్లకూ మధ్య తలుపు ఎప్పుడూ పూర్తిగా మూసి లేదు.

అయితే ఒక విషయంలో నేను చైనా వైపు మొగ్గక తప్పడం లేదు. అది మందుల్లో కాదు, రాతలో. లీ షిజెన్ 27 ఏళ్లు ఆ ఒక్క గ్రంథం మీద కూర్చున్నాడు. పాత పుస్తకాలు వందల్లో చదివాడు, చాలక జాలర్లనూ వేటగాళ్లనూ రైతులనూ అడిగాడు. 1,892 మందులు చేర్చాడు. పాతవాళ్ల తప్పులను తప్పులని రాశాడు. అచ్చులో చూసుకోకుండానే 1593లో పోయాడు, మూడేళ్లకు 1596లో నాన్‌జింగ్‌లో పుస్తకం వచ్చింది. మన బసవరాజీయం తెలుగు వైద్యుడి చేతిలో తరతరాలుగా ఉంది, చికిత్సలో అది ఎవరికీ తీసిపోదు. కానీ మన చెంచు పేరు, కోయ పేరు, పట్టు రైతు పేరు, హకీము పేరు ఒకచోట రాసి, ఈ పురుగు ఇదీ, దాని పని ఇదీ అని చెప్పిన తెలుగు పుస్తకం లేకపోవడం నాకు లోటుగానే ఉంది. ఫిలింనగర్ లైట్ల కింద వాలే ఆ నలుపు నారింజ పురుగును వందలమంది చూశారు, దానికి అందరూ ఒప్పుకునే తెలుగు పేరు ఒక్కటి నాకు ఇంతవరకు దొరకలేదు.

ఈ పని చేయడానికి ఊరు దాటి వెళ్లక్కర్లేదు. చర్మవ్యాధుల మీద పనిచేసే జాతీయ యునానీ పరిశోధన సంస్థ ఎర్రగడ్డలో, జూబ్లీహిల్స్‌కు పక్కనే ఉంది. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల కూడా అక్కడే. వైద్య చరిత్రకు అంకితమైన జాతీయ సంస్థ గడ్డిఅన్నారంలో ఉంది, డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి లాంటివారు వేసిన పునాది మీద నడుస్తోంది. మాట చెప్పగల పెద్దలు ఇళ్లలో ఉన్నారు. ఈ వ్యాసం చదివినవారికి నా విన్నపం ఇంతే. తామరో, చీముగడ్డో వస్తే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి, ఏ పురుగునూ ఏ పొడినీ మీ ఒంటిమీద పరీక్షించకండి. మీ అమ్మమ్మ మాచికాయను దేనితో అరగదీసిందో, లైట్ల కింద వాలే ఆ నలుపు నారింజ పురుగును మీ ఊళ్లో ఏమని పిలిచేవారో మాత్రం ఈ వారంలోనే అడిగి, ఊరి పేరుతో, తేదీతో రాసి ఉంచండి.